మేక పిలుపుకు తల తిప్పిన దొరై

మేక అరిచింది.

తల్లి కనబడక పిల్లమేక అరిచే అరుపు. సన్నగా మొదలై, నడుమ విరిగి, చివర కాస్త వణికింది. పొద్దు కొండల వైపు జారుతున్న వేళ, సందులో మేకలు తోలుకుపోతున్న ఆవిడ ఉలిక్కిపడి ఆగింది. తన మేకలన్నీ తన ముందే ఉన్నాయి. అవి కూడా ఆగి, ప్రహరీగోడ వైపు తలలు తిప్పి, బదులు చెప్పాయి. గోడ అవతల తీగల మీద బ్యాండేజీ గుడ్డ ఆరుతోంది. పొడవుగా, తెల్లగా, గాలి వచ్చినప్పుడల్లా ఎవరో నిట్టూర్చినట్టు కదులుతోంది. మేక మాత్రం ఎక్కడా లేదు.

మళ్ళీ అరుపు. ఈసారి ఇంకా గట్టిగా.

"చీ, కుక్కల సుగన్య దా," అని ఆవిడ కర్రతో మేకలను అదిలించింది. "నడండి, నడండి. మిమ్మల్ని కాదు ఫోటో తీసేది."

గోడ అవతల సుగన్య నేల మీద బోర్లా పడుకుని ఉంది. కింద పరుచుకున్నది పాత ఫ్లెక్సు, ఎవరిదో పెళ్ళి బ్యానరు. పెళ్ళికొడుకు మీసం మీద ఆమె మోచేతులు, పెళ్ళికూతురి నగల మీద మోకాళ్ళు. కంటికి కెమెరా. ఎదురుగా ఎర్రమట్టి మీద ఒక తెల్లకుక్క. దాని వెనక కాస్త దూరంలో యజమాని. ఫోటో కుక్కకే అని ఎన్నిసార్లు చెప్పినా తల దువ్వుకోకుండా వచ్చిన యజమానిని సుగన్య ఇంతవరకు చూడలేదు.

తమిళనాడులోని రాజపాళయంలో, బస్టాండు వెనక సందులో ఆమె స్టూడియో ఉంది. ఆ ఊరి తెలుగులో మాట నొక్కి చెప్పాలంటే అరవపు 'దా' వచ్చి చేరుతుంది. ఒకప్పుడు అక్కడి నీలం తెర ముందు ఊరంతా వరసగా కూర్చుని గడ్డం పైకెత్తింది. ఆ తరవాత ఫోన్లొచ్చాయి. పాస్‌పోర్టు ఫోటోలు ఫోన్లలోకి దూరాయి, పెళ్ళిళ్ళను డ్రోన్లవాళ్ళు ఆకాశంలోకి ఎత్తుకుపోయారు. మనుషులందరూ ఎవరి ముఖం వాళ్ళే తీసుకోవడం నేర్చాక, తన ముఖం తాను తీసుకోలేని ప్రాణి ఇంట్లో ఒక్కటే మిగిలింది. సుగన్య ఆ ప్రాణి వెంట బయటికి నడిచింది.

కుక్కను నిలబడి పైనుంచి తీస్తే దాని వీపూ, మనిషి గొప్పా మాత్రమే పడతాయి. కన్ను నేలకు దిగాలి. కుక్క ఎంత ఎత్తులో లోకాన్ని చూస్తుందో అంత ఎత్తు నుంచే దాన్ని చూడాలి. ఎండ ఏటవాలుగా ఉండాలి, వెనక గోడ దూరంగా ఉండాలి. ముందు కాసేపు పరిగెత్తనిచ్చి, వేలాడే నాలుక లోపలికి పోయేదాకా ఓపిక పట్టాలి. ఇవన్నీ ఎవరైనా నేర్చుకోవచ్చు. అసలు కావలసింది ఒక చూపు. అది బిస్కెట్టుకు రాదు. బిస్కెట్టు చూపిస్తే కుక్క కళ్ళలో బిస్కెట్టే ఉంటుంది. ఏదో చప్పుడు వినబడి, అదేమిటో తెలియక, మడత చెవులు మొదళ్ళ నుంచి లేచి, తల ఒక పక్కకు వాలి, లోకమంతా ఒక చిన్న ప్రశ్నగా మారిపోయే రెప్పపాటు. ఆ రెప్పపాటు కోసం సుగన్య గొంతులో ఒక సంతే ఉంది. కాకి, కుక్కరు ఈల, సత్రపట్టి టౌన్ బస్సు హారను, కొబ్బరికాయ పగిలే చప్పుడు, అన్నిటికీ మించి తల్లిని వెతుక్కునే మేకపిల్ల.

ఆ సంత ఆమె కుక్కల కోసం పెట్టింది కాదు. వాళ్ళమ్మ పాపాత్తి నూలుమిల్లులో పనిచేసేది. మిల్లు హోరులో నోటిమాట బతకదు. అక్కడి ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకునేవారు. నూలు తెగిందంటే రెండు వేళ్ళు విడదీసేవారు, మేస్త్రీ వస్తున్నాడంటే లేని మీసం తిప్పేవారు. కొన్నాళ్ళకు ఆ హోరు పాపాత్తి వెంట ఇంటికొచ్చి ఆమె చెవుల్లోనే కాపురం పెట్టింది. చిన్న సుగన్య వెనకనుంచి అమ్మా అని పిలిచేది. అమ్మ తిరిగేది కాదు. కాకిలా పిలిచింది, బస్సులా పిలిచింది, మేకపిల్లలా పిలిచింది. లోకంలోని చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటిగా ఆ వీపు మీదికి విసిరింది. పిల్ల నీడ పొయ్యి మీద పడ్డప్పుడే అమ్మ తిరిగేది. అమ్మను తిప్పలేని ఆ పిలుపులకు పెద్దయ్యాక ఊళ్ళో కుక్కలన్నీ తిరగడం మొదలుపెట్టాయి. తిరిగిన ప్రతి కుక్కనూ చూసి ఆమెకు కాస్త గర్వం, కాస్త ఇంకేదో కలిగేవి.

ఈ ఊళ్ళో కుక్క అంటే తెల్లకుక్క. పొడుగు కాళ్ళు, సన్నని నడుము, గులాబీరంగు ముక్కు, తేనె కళ్ళు. ఊరి పేరే దాని జాతి పేరు. ఊరు కుక్కను పెంచుతోందా, కుక్క ఊరి పేరును పోషిస్తోందా అన్నది పెద్దమనుషులు టీ దగ్గర తేల్చుకోవలసిన విషయం. ఆ తెలుపుతో ఒక చిక్కుంది. కొన్ని పిల్లలు చెవుడుతో పుడతాయి. అమ్మేవాడు చెప్పడు, కొనేవాడు అడగడానికి మొహమాటపడతాడు. మర్యాదస్తుల ఊరు. అందుకని ఒక పద్ధతి పుట్టింది. బేరం కుదిరే ముందు, "పిల్లకొక ఫోటో తీయించుకుందాం," అని ఇద్దరూ కలిసి సుగన్య దగ్గరికి వస్తారు. ఆమె మేకలా అరుస్తుంది. పిల్ల తిరిగితే ఫోటో. తిరగకపోతే ఆమె ఏమీ అనదు, కెమెరాకు మూత పెట్టేస్తుంది. ఆ మూత చప్పుడు చాలా చిన్నది. కానీ దాని తరవాత బేరం సాగినట్టు ఎవరూ ఎరగరు. కుక్కలమ్మేవాళ్ళు ఆమెను తిట్టిన తిట్లు ఒక కెమెరా సంచీలో పట్టవు. అయినా ఆమె ఒక్కసారి కూడా ఆ మూతను అబద్ధానికి వాడలేదు.

అలాంటి రోజుల్లో వాసుదేవన్ ఆమెను పిలిపించాడు.

ఆయనది బ్యాండేజీ గుడ్డ వ్యాపారం. తన గుడ్డ ఏ ఊళ్ళో ఎవరి గాయాన్ని చుట్టుకుంటుందో ఆయనకు తెలియదు. ఎక్కడైనా ఎవరైనా కాలు విరగ్గొట్టుకున్నారని వింటే అయ్యో అంటాడు, ఆ అయ్యోలో ఒక మూల చిన్న లాభం మెరుస్తుంది. ఏటా ఖాతాదారులకు క్యాలెండరు పంచుతాడు. దాని మీద ఎప్పుడూ మురుగన్. కిందటేడు శివకాశిలో అదే మురుగన్‌ను, అదే నెమలితో, ఎదురువీధి బ్యాండేజీ వ్యాపారికీ అచ్చేసి ఇచ్చారు. ఆ అవమానం ఆయన మనసులో ఇంకా పచ్చిగా ఉంది.

"ఈ తూరి సామి లేదు, సుగన్యా," అన్నాడు. "మురుగన్ అందరికీ ఒకటే. దొరై మనకు మాత్రం దా ఉండాడు."

దొరై ఆయన కుక్క. ఆ పేరు వినగానే కుక్క తిరుగుతుందేమోనని సుగన్య చూసింది. వరండాలో పడుకున్న దొరై, ఆరేసిన గుడ్డ కదలడాన్ని చూస్తూ ఉన్నాడు.

"సామికి కోపం రాదా, అన్నాచ్చీ?"

"సామి లోపలి కాయితాల్లో తేదీ తేదీకీ వస్తాడు కదా? పై బొమ్మ మాత్రం దొరై. చెవులెత్తి, నేరుగా మనవైపు చూడాల. కింద నీ పేరు వేపిస్తాను."

పేరు అనగానే సుగన్య తల ఎత్తింది. ఇన్నేళ్ళలో ఆమె తీసిన బొమ్మలు ఊరి గోడలన్నిటి మీదా ఉన్నాయి. ఏ ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు.

పక్క కుర్చీలో వాసుదేవన్ బావమరిది రాజ్‌మోహన్ ఉన్నాడు. ఆయన ఎప్పుడూ కుక్కను పెంచలేదు. కుక్కల వీడియోలు మాత్రం చాలా చూశాడు. పెంచితే ఒక కుక్క గురించే తెలుస్తుందని, చూస్తే అన్ని కుక్కల గురించీ తెలుస్తుందని ఆయన సిద్ధాంతం.

"బావా, నేను మొదటినుంచీ చెప్తా ఉండాను. ఇది పిలిస్తే రాదు. ఒకటి తిమురు, పొగరు అయ్యుండాల, లేదంటే చెవి లేదు."

"తిమురు దా రా," అన్నాడు వాసుదేవన్ గర్వంగా. "జాతికుక్క. పిలవంగానే తోక ఊపుకుంటా వచ్చేదానికి అదేమి గుమాస్తానా?"

"సరి. సుగన్య మేకలాగా అరవనీ. తిరిగితే తిమురు. తిరగలేదంటే చెవిటిది. చెవిటికుక్కను క్యాలెండరు మీద వేసి ఊరంతా నవ్వించుకోవద్దు. మంసాపురంలో మన తోటకు తోలేద్దాం. నేను నీకు మంచి పిల్లను చూసిస్తాను."

వాసుదేవన్ సరేనన్నాడు. లోపలి గుమ్మం దగ్గర అనపకాయల్లాంటి మొచ్చకాయలు ఒలుస్తున్న ఆయన తల్లి అఖిలాండం చేతులు ఆగిపోయాయి. అది ఎవరూ చూడలేదు.

ఫోటో వేళను నిర్ణయించింది వాసుదేవన్ భార్య ఇందిరాణి. గోడ మీది క్యాలెండరులో, కిందటేడు అచ్చయిన ఆ మురుగన్ కాళ్ళ దగ్గర వేలు పెట్టి చదివింది.

"పొద్దున రాహుకాలం. పన్నెండుకు కొంచెం ముందు నల్ల నేరం, మంచి గడియ, ఉండాది. అప్పుడు దా తీయాల."

"వదినా, ఆ వేళకు ఎండ నడినెత్తిన ఉంటాది. తెల్లకుక్క. కళ్ళ కింద నీడ తప్ప ఏమీ రాదు. పొద్దు వాలినాక తీస్తే..."

"నేరం మంచిదైతే ఫోటో తానుగా మంచిగా వస్తాదమ్మా. మా పెళ్ళి ఫోటో చూడు. ఉచ్చిపొద్దులో, నడిమధ్యాహ్నం తీసినారు."

ఆ పెళ్ళి ఫోటో గోడ మీదే ఉంది. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఉన్నారు.

ఆ రోజు దొరైకి స్నానం చేయించి, తెలుపు చాలదని పౌడరు పూసి, నుదుట చందనం బొట్టు పెట్టారు. మల్లెదండ వేస్తే సగం తినేశాడు. పెరట్లో బ్యాండేజీ గుడ్డ బేళ్ళు మెట్లుగా పేర్చి, వాటి మీద కొత్త గుడ్డ పరిచి, దాని మీద దొరైని నిలబెట్టారు. ఆకాశం నుంచి తెలుపు కురుస్తోంది, కింద తెలుపు, మధ్యలో తెలుపు. సుగన్య తీసిన మొదటి బొమ్మలో రెండు కళ్ళూ, ఒక గులాబీ ముక్కూ, ఒక బొట్టూ శూన్యంలో తేలుతున్నాయి.

వాసుదేవన్ వంగి చూసి, "పరవాలేదే! మన గుడ్డ తెలుపు బాగా వచ్చింది," అన్నాడు.

"కుక్క రాలేదు, అన్నాచ్చీ."

"వస్తాది, వస్తాది. నువ్వు అరువు."

సుగన్య అరిచింది. ముందు కాకి. దొరై గుడ్డను చూస్తున్నాడు. కుక్కరు ఈల. దొరై గుడ్డనే చూస్తున్నాడు. టౌన్ బస్సు హారను కొడితే బయట ఎవరో సైకిలు పక్కకు తప్పుకున్న చప్పుడైంది. దొరై ఆవులించాడు. చివరికి ఆమె మేకపిల్లను పిలిచింది. ఊళ్ళో ఏ కుక్కా కాదనలేని ఆ పిలుపు దొరై తెల్లని వీపు దాకా వెళ్ళి, అక్కడ తగిలి, నేల మీద పడిపోయింది.

రాజ్‌మోహన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన మాట నిజమైతే మనిషి ముఖానికి వచ్చే వెలుగు ఎంత చెడ్డదో సుగన్య ఆ ఎండలో కూడా చూడగలిగింది. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు. ఆ చేతిలో కెమెరా మూత ఉంది. పెట్టేస్తే అయిపోతుంది, ఇన్నేళ్ళ నిజాయితీ మళ్ళీ ఒకసారి టక్కుమంటుంది.

ఆమె మాత్రం ఆ వీపును చూస్తోంది. పిలుపులన్నీ తగిలి రాలిపోయే వీపు. దాన్ని ఆమె ఎరుగును.

"కొంచెం నీళ్ళు తాగి వస్తాను," అని లేచింది.

వెనక వరండాలో అఖిలాండం ఇంకా మొచ్చకాయలే ఒలుస్తోంది. సుగన్య చెంబు ఎత్తేలోగా దొరై కూడా ఎండ పడలేక అక్కడికే వచ్చి, ముసలమ్మకు వీపు పెట్టి చల్లని గచ్చు మీద కూలబడ్డాడు. అఖిలాండం పేరు పెట్టి పిలవలేదు. కొంగు అంచును రెండు వేళ్ళతో పట్టుకుని, పెంకుల సందులోంచి పడుతున్న ఎండకు అడ్డంగా కాస్త ఎత్తింది. కొంగు నీడ పిట్టలా ఎగిరి దొరై ముక్కు మీద వాలింది.

దొరై తిరిగాడు. చెవులు లేచాయి, తల వాలింది, తేనె కళ్ళలోకి ఎక్కడినుంచో దీపం వచ్చింది. సుగన్య ఇన్నేళ్ళలో ఇన్ని కుక్కల కళ్ళలో వెతికిన చూపు అదే. అంత నిండుగా ఎప్పుడూ దొరకలేదు. చేతిలో కెమెరా లేదు, నీళ్ళ చెంబు ఉంది.

"చూసేసినావా, కణ్ణూ?" అంది అఖిలాండం.

"చూసినాను, పెద్దమ్మా."

"పిల్లగా వచ్చినప్పుడే నాకు తెలిసె. దీపావళికి పక్కనే ఆటంబాంబు పెట్టినారు. వీధంతా అదిరిపోయె, ఇది నిద్రపోతా ఉండె. మా వాడు, చూడమ్మా ఎంత ధైర్యం అన్నాడు. నేను ఊఁ అన్నాను."

సుగన్యకు నవ్వొచ్చింది. ముసలమ్మకు రాలేదు.

"తోటకు తోలినారంటే అక్కడ దీనికి ఎవరు చెప్తారు? ట్రాక్టరు వస్తాది, లారీ వస్తాది. అక్కడ నా కొంగు ఎక్కడ?" చేతిలోని మొచ్చగింజను గిన్నెలో వేసింది. "నాకూ సగం చెవి దా మిగిలుండాది. నన్ను ఏ తోటకూ తోలలేదు కదా."

"మీ బొమ్మ క్యాలెండరు మీద వేయలేదు కదా, పెద్దమ్మా. వేసుంటే ఆలోచించి ఉందురు."

"వాయి చూడు దీనికి, ఎంత నోరో!" అని అఖిలాండం అప్పుడు నవ్వింది. నవ్వి, గొంతు తగ్గించింది. "మూత పెట్టేయవద్దు, కణ్ణూ."

"నేను ఇంతవరకు ఆ పనిలో అబద్ధం చెప్పలేదు."

"నిన్నెవరు చెప్పమన్నారు? నువ్వు ఎప్పటిలాగా మేక అరువు. తిప్పే పని నాది."

సుగన్య బయటికి వచ్చి సూటిగా ఇందిరాణి దగ్గరికి వెళ్ళింది. "వదినా, కుక్కకు ఎండదెబ్బ తగిలేట్టు ఉండాది. సాయంత్రం నల్ల నేరం ఉండాదా, చూడండి."

తన పంచాంగం మీద ఒక ఫోటోగ్రాఫరు గౌరవం చూపడం ఇందిరాణికి అదే మొదటిసారి. "ఉండాది, ఉండాది," అంది ముఖం వెలిగిపోతూ. "సాయంత్రంది ఇంకా బలమైన నేరం."

రాజ్‌మోహన్ నవ్వాడు. "నేరం మారితే చెవి వస్తాదా, అక్కా?"

"నువ్వు ఊరుకో రా. నీకు పెళ్ళి సంబంధం కుదిరింది ఏ నేరంలో? రాహుకాలంలో. అనుభవిస్తా ఉండావు కదా?"

రాజ్‌మోహన్ ఫోన్ తీసి కుక్కల వీడియో పెట్టుకున్నాడు.

పొద్దు కొండల మీదికి వంగినప్పుడు సుగన్య బేళ్ళన్నీ తీయించేసింది. దొరై ఒంటి మీది పౌడరు తడిగుడ్డతో తుడిచింది. ఎర్రమట్టి మీద, తూర్పున నిలబెట్టింది. తెలుపు అప్పుడు తెలుపుగా ఉంది. ఎండ దాని అంచుల్లో తేనె పూసింది. తాను పడమర వైపు ఫ్లెక్సు పరుచుకుని బోర్లా పడుకుంది.

"పెద్దమ్మను కూడా పిలవండి, వదినా. ఇంటి పెద్దలు వెనక ఉంటే మంచిది."

పెద్దల దీవెన అనగానే ఇందిరాణి ఎదురు చెప్పదు. అఖిలాండానికి కుర్చీ వేశారు. ముసలమ్మ కూర్చోలేదు, కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆమె నీడ నేల మీద పొడవుగా సాగి, పడుకున్న సుగన్య మీదుగా, పెళ్ళి ఫ్లెక్సు మీదుగా, ఎర్రమట్టి మీదుగా వెళ్ళి దొరై కాళ్ళ దగ్గర ఆగింది. కొండ వెనక్కి పొద్దు జారిపోతే ఆ నీడ ఉండదు. సుగన్య మేకలా అరిచింది.

దొరై కదలలేదు. నీడా కదలలేదు.

ముసలమ్మకు సగం చెవే అన్న సంగతి సుగన్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఎదురుగా వినబడని కుక్క, వెనక వినబడని దీవెన, నడుమ నేల మీద తాను. మళ్ళీ అరిచింది. నీడ తల కాస్త వంచింది, అంతే. రాజ్‌మోహన్ గొంతు సవరించుకున్నాడు. వాసుదేవన్ మంసాపురం వైపు చూసినట్టే ఉంది. ఎండ అంచు పలచబడుతోంది.

సుగన్య కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే ఎదురుగా పొయ్యి, పొయ్యి ముందు ఒక వీపు. గొంతు చించుకుని అరిచింది. అది వృత్తి అరుపు కాదు. గోడ అవతల సందులో నిజం మేక ఒకటి ఏడ్చింది.

వెనక అఖిలాండం, "ఆఁ, ఆఁ," అంటూ కొంగు ఎత్తింది. నేల మీద పెద్ద రెక్క విచ్చుకుని దొరై ముక్కును తాకింది.

దొరై తిరిగాడు.

తిరిగి, చెవులెత్తి, తల వాల్చి, తనకు లోకంలో ఉన్న ఒకే ఒక పిలుపు వైపు చూశాడు. ఆ చూపు దారిలో సుగన్య కెమెరా ఉంది. బొమ్మ పడింది. ఆ వెంటనే పొద్దు కొండ దిగింది.

"తిరిగినాడు!" అని వాసుదేవన్ గుడ్డ తీగలు ఊగేలా అరిచాడు. "చూస్తివా రా? మేక అంటే తిరిగినాడు!"

రాజ్‌మోహన్ చాలాసేపు చూసి తీర్పు ఇచ్చాడు. "చెవి ఉండాది, బావా. ఒట్టి తిమురు దా. జాతిలక్షణం. నేను వీడియోలో చూసినాను."

సుగన్య లేచి మట్టి దులుపుకుంది. మూత సంచీలోనే ఉంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

శివకాశి నుంచి క్యాలెండర్లు వచ్చాయి. దొరై ముందు నేల మీద కొంగు నీడ అలాగే ఉంది. అచ్చువాళ్ళు చెరిపేస్తామన్నారు. సుగన్య వద్దంది. ఇందిరాణి ఆ నీడను చూసి రెండు చేతులూ జోడించి, "అమ్మవారి కొంగు," అంది. అక్కడితో దాన్ని చెరిపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బజారులో ఒక దర్జీ ఆ క్యాలెండరుకు మల్లెచెండు వేలాడదీశాడు. ఒక కిరాణా కొట్లో సాయంత్రం కర్పూరం వెలిగించారు. దొరై ఆ సంవత్సరమంతా ఎన్నో గోడల మీద కూర్చుని ఆరోగ్యం, శుభ్రం, దైవభక్తి ప్రసాదించాడు. ఎదురువీధి వ్యాపారి మాత్రం వచ్చే ఏటికి పిల్లి వేయిస్తానని చెప్పుకుని తిరిగాడు.

బొమ్మ అడుగున, చీమలు వరసకట్టినంత సన్నగా, తమిళ అక్షరాల్లో సుగన్య పేరు ఉంది.

ఆమె ఒక క్యాలెండరు ఇంటికి తీసుకెళ్ళి అమ్మ ముందు పరిచింది. పాపాత్తి చాలాసేపు చూసింది. తరవాత వేలు తీసి దొరై చెవి మీద పెట్టింది. అరచేయి తన చెవికి మూసి, మూసిన చేతిని గాల్లోకి విదిలించింది. మిల్లులో ఆ సైగకు వినబడదు అని అర్థం. ఎలా తెలిసిందని సుగన్య అడగలేదు. పాపాత్తి వేలు నీడ మీదుగా కిందికి జారి, చదవడం రాని ఆ చీమల వరస మీద ఆగింది. అక్కడ రెండుసార్లు తట్టి, కూతురి వైపు చూసి, లేని మీసం తిప్పింది.

ఆ బొమ్మకు సుగన్య చెల్లించిందీ ఉంది. కొన్నాళ్ళకు ఒక కుక్కల వ్యాపారి పిల్లను తెచ్చాడు. ఆమె అరిచింది, పిల్ల తిరగలేదు. మూత తీసుకోబోతే అతను పళ్ళికిలించాడు. "ఏమక్కా, దొరై తిరిగింది, నాది తిరగదా? ఆ క్యాలెండరు నేనూ చూసినాను. నీడ ఎవరిదో నాకు తెలీదనుకుంటివా?" సుగన్య మూత పెట్టింది. కానీ ఆ చిన్న చప్పుడులో మునుపటి నిక్కచ్చి లేదని ఆమెకే వినబడింది. మర్నాటి నుంచి బేరానికి తెచ్చిన పిల్లలను తీయడం మానేసింది. "ఫోటో కావాలంటే తీస్తాను. చెవి కావాలంటే డాక్టరు దగ్గరికి పొండి," అంది. ఊరి మర్యాదకు అది పెద్ద దెబ్బ. ఇప్పుడు కొనేవాళ్ళు అమ్మేవాళ్ళను నోరు తెరిచి అడగవలసి వస్తోంది.

క్యాలెండరు మాత్రం ఆగలేదు. రెండో ఏడు ఫోటోకు వెళ్ళినప్పుడు ఆమె ఫ్లెక్సు పరుచుకుంటుంటే వాసుదేవన్ పక్కకు వచ్చి వంగాడు. అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"సుగన్యా, ఈ తూరి మేకను మొదటే గట్టిగా అరువు. అమ్మకు వినబడాల కదా."

సుగన్య తల ఎత్తి చూసింది. ఆయన అప్పటికే ఆకాశంలో మబ్బులు చూస్తున్నాడు. "దీపావళినాడే తెలుసమ్మా," అన్నాడు మబ్బులతో. "అమ్మకు చెప్పవద్దు. నాకు తెలీదనుకుంటా ఉండాది, పావం. ఇందిరాణికి కూడా చెప్పవద్దు."

కాసేపటికి ఇందిరాణి కాఫీ ఇవ్వడానికి వచ్చింది. "అత్తను ఈసారి ఇంకొంచెం ముందుకు నిలబెట్టినాను. నీడ సరిగ్గా పడతాదా?" అని అడిగి, నాలుక కరుచుకుని, "ఆయనకు చెప్పవద్దు," అంది.

ఆ ఇంట్లో ఒక్క రాజ్‌మోహన్‌కే తెలియదు. ఆయన చాలా వీడియోలు చూసిన మనిషి.

ఇదిగో ఈ ఏడాది సాయంత్రం, అదే ఎర్రమట్టి. దొరై మూతి దగ్గర తెలుపు కాస్త వడిలింది. అఖిలాండం ఇప్పుడు కుర్చీలో కూర్చునే కొంగు ఎత్తుతోంది. ఊళ్ళో మనుషుల గురించి రాసుకుంటూ తిరిగే ఒక మనిషి సుగన్యను చూడటానికి వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. కథంతా విన్నాడు. ఇది రాస్తే మీకేమీ ఇబ్బంది లేదు కదా అని అడిగాడు.

"ఎందులో రాస్తారు? తెలుగులోనా?" సుగన్య ఫ్లెక్సు మీద మోచేతులు సర్దుకుంటూ నవ్వింది. "అయితే రాసుకోండి. మా ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళే దా. చదివేవాళ్ళు లేరు."

అతనికి ఇంకొక్కటి తెలుసుకోవాలనిపించింది. ఇన్నేళ్ళుగా ఆ అరుపు ఎదుట నిలబడిన కుక్కకు, ఎక్కడో లోపల, ఒక్క పిసరైనా వినబడుతూ ఉండదా అని ఒక అడుగు ముందుకు వేసి అడిగాడు.

సుగన్య కెమెరా నుంచి కన్ను తీయలేదు.

"పక్కకు జరగండి, సార్. మీ నీడ దాని మీద పడతా ఉండాది. పాపం, పెద్దమ్మ పిలిచిందనుకుంటాది."